నాకు వచ్చిన ఆఖరి మెమో

(2025 డిసెంబరు 17న జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల క్రితం మన కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఈసారి సభలో మీరు 'నిత్యజీవితంలో ధైర్యం' అనే విషయం మీద ఓ పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. కాఫీ గ్లాసులు పట్టుకుని వస్తున్న మా ఇంటావిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఈయనా? ధైర్యం మీదా?" అని నవ్వింది. కార్యదర్శిగారు మర్యాదస్థులు గనుక నవ్వలేదు. నేను మాత్రం నవ్వాను, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. నేను పిరికివాణ్ణి. ముప్ఫై అయిదేళ్ళు సర్కారు కొలువు చేసి, రిటైరై పదిహేడేళ్ళు దాటి, డెబ్భై అయిదో ఏట మీ ముందు నిలబడి ఈ మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఈ విషయం మీదే మాట్లాడతానని ఎందుకు ఒప్పుకున్నానో కడదాకా వింటే మీకే తెలుస్తుంది. పది నిమిషాలు దాటితే అధ్యక్షులవారు గంట కొట్టవచ్చు, నేనేమీ అనుకోను.

ఈ రోజు మనకు ఎందుకు పండుగో పెద్దలందరికీ తెలుసు, పిల్లల కోసం ఒక్క మాట చెబుతాను. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారాగారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో పింఛను లెక్క మార్చి, ఫలానా తేదీ తరువాత రిటైరైనవారికే ఆ లాభం, ముందు రిటైరైనవారికి లేదు అన్నారు. ఇదేం న్యాయమని ఆయన అడిగారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పింఛను సర్కారు దయతో వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి ఈ వేదిక మీద ఏటా విద్వాంసులు చెబుతూనే ఉన్నారు. నేను ఆలోచించేది వేరే సంగతి. ఆ పిటిషను మీద సంతకం పెట్టే ముందు రోజు రాత్రి ఆయనకు నిద్ర పట్టిందా? జీవితమంతా సర్కారు కింద పనిచేసి, ఆ సర్కారు మీదే కాగితం పెట్టాలంటే చెయ్యి వణకదా? ఆయన సంగతి నాకు తెలియదు. నాకైతే వణికేది.

నేను 1973లో ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మొదటి నెలలో నేర్చుకున్నవి రెండే. ఒకటి, టపా విప్పి కరెంటు నెంబరు వేయడం. రెండు, అధికారి గది స్ప్రింగు తలుపు కిర్రుమనగానే లేచి నిలబడడం. మొదటిదానికి నాలుగు రోజులు పట్టింది, రెండోది మాత్రం పుట్టుకతో వచ్చినట్టే వచ్చేసింది. మా నాన్నగారు ఊళ్ళో పెద్దవాళ్ళ అరుగుల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి. ఆ నడక నాకూ వచ్చింది, చెప్పులు కాళ్ళకే ఉన్నాయన్నది ఒక్కటే తేడా.

నాకు మొదటి మెమో చేరిన అయిదో నెలలో వచ్చింది. పర్సనల్ రిజిస్టరు తనిఖీకి సకాలంలో పెట్టనందుకు, "మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను, లేనిచో తగు చర్య తీసుకొనబడును" అని నాలుగు వరసలు. ఆ "తగు చర్య" అనే మాట చదివేసరికి నాకు జ్వరం వచ్చింది. నిజంగానే వచ్చింది, థర్మామీటరు పెట్టి చూశారు. చిత్రం ఏమిటంటే, తరువాత ఆరేళ్ళకు నన్నే ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో వేశారు. ఊళ్ళో అందరికీ మెమోలు డ్రాఫ్టు చేసేవాణ్ణి నేనే. పాత ఫైలు ఒకటి తీసి, పేరు మార్చి, తేదీ మార్చి, కింద అదే "తగు చర్య" తగిలించేవాణ్ణి. మధ్యాహ్నం నిద్ర వస్తుంటే రెండు మెమోలు రాస్తే నిద్ర పోయేది. అంత తేలిగ్గా తయారయ్యే వస్తువని తెలిసి కూడా, అదే వస్తువు నా పేరు మీద వస్తే మళ్ళీ జ్వరం. రాజ్యాంగంలో 311వ అధికరణం నాకు కంఠతా వచ్చు. విచారణ జరపకుండా, మన మాట చెప్పుకోనివ్వకుండా ఉద్యోగం తీసేయడానికి వీల్లేదని నలుగురికీ చెప్పేవాణ్ణి. తెలియడం వేరు, భయం పోవడం వేరు అని నాకు అప్పుడే అర్థమై ఉండవలసింది.

ఇక్కడ 1986 గోదావరి వరద సంగతి చెప్పాలి. మన జిల్లాల్లో ఈ వయసువాళ్ళకు ఆ ఆగస్టు నెల వేరే చెప్పనక్కరలేదు. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అప్పటికి తాలూకాలు పోయి మండలాలు వచ్చి ఏడాది దాటింది. నేను ఒక మండల రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. లంక గ్రామాలకు బియ్యం, పులిహోర పొట్లాలు పట్టుకుని నాటు పడవ మీద వెళ్ళమన్నారు. నాకు ఈత రాదు. పడవలో నేను, సరంగు, తలయారి. నీళ్ళు మట్టి రంగులో కాదు, ఇటుక రంగులో ఉన్నాయి. దూలాలు, గడ్డివాములు, చచ్చిన గేదెలు కొట్టుకువస్తున్నాయి. ఒక చోట పడవ సుడిలో ఒక చుట్టు తిరిగింది. తలయారి నా భుజం పట్టుకుని, "ఆయ్, ఏం పర్లేదు బాబూ, కూకోండి" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ఏ భయమూ లేదు. మూడు రోజులు ఆ నీళ్ళమీదే ఉన్నాను. ఛాతీ లోతు నీళ్ళలో దిగి బస్తాలు మోశాను. ఒక మంచె మీద నుంచి ఇద్దరు పిల్లల్ని దించాను. ఇంటికొచ్చి చెబితే మా ఇంటావిడ నమ్మలేదు.

నవంబరులో మెమో వచ్చింది. ఇచ్చిన బియ్యానికి, పంచిన బియ్యానికి 37 బస్తాలు తేడా ఉందట. సంజాయిషీ ఇవ్వమని, లేకపోతే సొమ్ము రాబట్టడంతోపాటు "తగు చర్య" అని. వరద గోదావరి మీద భయపడనివాణ్ణి, ఆ అర ఠావు కాగితం చూసి కుర్చీలోంచి లేవలేకపోయాను. తొమ్మిది రోజులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లో చెప్పలేదు. అన్నం సయించేది కాదు. పదో రోజున, అప్పటికే రిటైరైన మా పాత హెడ్ క్లర్కుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో పడక కుర్చీలో పడుకుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు. కాగితం చూపించాను. రెండుసార్లు చదివి అడిగారు.

"తిన్నావా?"

"లేదండీ."

"అది కాదయ్యా. బియ్యం తిన్నావా అని."

"అయ్యో, లేదండీ!"

"మరి ఏమైనాయి?"

"తడిసి కుళ్ళిపోతే ఏటిగట్టు మీద పారబోశామండీ."

"పంచనామా చేశావా?"

చేశాను! తలయారి చేత, ఊరి పెద్దలిద్దరి చేత వేలిముద్రలు, సంతకాలు చేయించి ఫైల్లో పెట్టాను. తొమ్మిది రోజుల భయంలో ఆ సంగతే మరిచిపోయాను. ఆయన వేరుశనక్కాయల పళ్ళెం పక్కన పెట్టి, "కాగితం తియ్యి. పైన 'సూచిక' అని పెట్టు. ఆ మెమో నెంబరు, తేదీ వెయ్యి. నెంబరు వేశావంటే అది నీ నెత్తిమీద పిడుగు కాదు, అదొక కాగితం. దానికి కావలసింది నీ జవాబు, నీ ప్రాణం కాదు" అన్నారు. అక్కడే కూర్చుని పేజీన్నర రాశాను. రెండు నెలలకు తదుపరి చర్య అవసరం లేదని ఉత్తర్వు వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఈ కథ తరువాతి భాగం ఆయనకు చెప్పి క్షమించమని అడిగేవాణ్ణి, ఎందుకంటే ఆయన నేర్పిన పాఠం డెబ్భై నాలుగో ఏట దాదాపు మరిచిపోయాను.

2024 ఆగస్టు. శ్రావణ మాసం, ఒక మంగళవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. మొదట ఒక యంత్రం మాట్లాడింది, మీ నెంబరు రెండు గంటల్లో రద్దవుతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని. నొక్కాను. ఒకాయన ఇంగ్లీషులో నా పేరు చెప్పి, ఆధార్ ఆఖరి నాలుగు అంకెలు చెప్పి, నా పేరు మీద ముంబాయిలో ఒక సిమ్ము, ఒక బ్యాంకు ఖాతా ఉన్నాయని, దాంట్లో దొంగ సొమ్ము నడిచిందని, కేసు నమోదైందని చెప్పి, పోలీసు అధికారికి కలుపుతున్నానన్నాడు. వెంటనే వీడియోలో ఒక మనిషి. యూనిఫారం, భుజాన నక్షత్రాలు, వెనక జెండా, గోడకు మూడు సింహాల బొమ్మ.

మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారు. పేపర్లలో చదివినవారికి ఇది దొంగల పని అని తెలిసిపోతుంది. దీన్ని 'డిజిటల్ అరెస్టు' అంటున్నారు. నేనూ అంతకుముందు ఒకటి రెండు వార్తలు చదివాను. చదివినప్పుడు, ఇంత చదువుకున్నవాళ్ళు ఎలా నమ్మారబ్బా అని పేపరు మడిచాను. కాని ఆ యూనిఫారం కనబడగానే నేనేం చేశానో చెప్పనా? కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బనీను మీద ఉన్నానని గుర్తొచ్చి, "ఒన్ మినిట్ సార్" అని పరుగెత్తి చొక్కా తొడుక్కున్నాను. స్ప్రింగు తలుపు కిర్రుమన్నట్టే వినబడింది నాకు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఏ పాపమూ ఎరగనివాడు కూడా భుజాలు తడుముకుంటాడని ఆ రోజు తెలిసింది. ఎప్పుడైనా ఎక్కడైనా ఆధార్ నకలు ఇచ్చానా, లాడ్జీలో ఇచ్చానా, తిరుపతిలో ఇచ్చానా అని తవ్వుకుంటున్నాను. అతను తలుపు గడియ వేసుకోమన్నాడు, వేశాను. ఎవరితోనూ మాట్లాడకూడదు, దేశ రహస్యం అన్నాడు, సరేనన్నాను. ఫోను కెమెరా ఎదురుగా పెట్టి కూర్చోమన్నాడు. బాత్‌రూముకు వెళ్ళాలంటే అనుమతి అడిగాను. ఏ ఖాతాలో ఎంత ఉందో ఒక్కొక్కటే అడిగాడు. ఆడిట్ పార్టీకి చెప్పినట్టు పైసలతో సహా చెప్పాను. 'పరిశీలన' నిమిత్తం సేవింగ్సు ఖాతాలో ఉన్న రూ.48,000 ముందు పంపమన్నాడు, ఒక్క రోజులో తిరిగి వస్తుందన్నాడు. పంపాను.

తరువాత డిపాజిట్టు సంగతి వచ్చింది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి దాచుకున్న రూ.11 లక్షలు. మా ఇంటావిడ మోకాళ్ళ ఆపరేషనుకు, ఇద్దరిలో ముందు వెళ్ళేవారి ఖర్చుకు, వెనక మిగిలేవారి బతుకుకు అదే ఆధారం. బ్యాంకుకు వెళ్ళి డిపాజిట్టు రద్దు చేసి అదే ఖాతాకు పంపమన్నాడు. మేనేజరు అడిగితే మనవడి చదువుకని చెప్పమన్నాడు. ఫోను కట్ చేయకుండా జేబులో పెట్టుకోమన్నాడు. బయలుదేరే ముందు, ఈ విషయం ఎవరికీ చెప్పనని స్వదస్తూరితో ఒక హామీపత్రం రాసి చూపించమన్నాడు. దానికి ఆధారంగా వాట్సాప్‌లో ఒక కాగితం పంపాడు. సుప్రీంకోర్టు పేరు, ఎర్రటి గుండ్రటి సీలు, నా పేరు.

పాసుపుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని, తెల్ల కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాను. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తానే పైన 'సూచిక' అని రాసింది. నెంబరు కోసం ఆ సీలు కాగితం చూశాను. నెంబరు లేదు. ఇంకోసారి చూశాను. ఆర్.సి. లేదు, డిస్. లేదు, కేసు నెంబరు లేదు. కింద 'నకలు' అని ఎవరికీ లేదు. ఆఫీసు జవాను బదిలీ ఉత్తర్వుకు కూడా ముగ్గురికి నకళ్ళు వేసే దేశమిది, నన్ను అరెస్టు చేసే కాగితానికి ఒక్క నకలూ లేదు. "సార్, రిఫరెన్సు నెంబరు ఏమని వేయమంటారు?" అని అడిగాను. ఎదిరించాలని అడగలేదు సుమండీ. నెంబరు లేకపోతే కాగితం తిరుగు టపాలో వచ్చేస్తుందన్న భయంతో అడిగాను.

అతను ఒక్క క్షణం మాట్లాడలేదు. తరువాత గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. నా సర్వీసులో కోపిష్టి అధికారులు ఎందరినో చూశాను. నెంబరు వేయకపోతే ఫైలు మొహాన కొట్టినవాళ్ళున్నారు గాని, నెంబరు అడిగినందుకు అరిచినవాడు ఒక్కడూ లేడు. వీడు గవర్నమెంటువాడు కాదు అని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. వీడు దొంగ అని తెలిసిపోయింది. ఎర్ర బొత్తాం ఒక్కటి నొక్కితే అయిపోతుంది. అయినా నేను నొక్కలేకపోయాను. ఒళ్ళంతా చెమట, నోరు ఎండిపోయింది, చేతులు ఆడటం లేదు. తెలివి ఒక చోట, భయం ఒక చోట ఉన్నాయి. అతను అరుస్తూనే ఉన్నాడు, నేను "యస్ సార్" అంటూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి నేను చేయగలిగింది ఒక్కటే. లేచి నాలుగడుగులు నడిచి తలుపు గడియ తీశాను. ఆ వరద నీళ్ళలో దిగడం దీని ముందు చాలా తేలిక.

బయట మా ఇంటావిడ నిలబడి ఉంది. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. "ఏమండీ, నాలుగు గంటల నుంచీ తలుపేసుకుని ఎవరితో? రెండుసార్లు పిలిస్తే ఆఫీసు ఫోను అన్నారు. మీకు ఆఫీసెక్కడిది? రిటైరై పదహారేళ్ళయింది" అంది. నేను నోట మాట రాక ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ యూనిఫారం మనిషిని చూసి, "ఏం నాయనా, ఆయనకు షుగరు. అన్నం తిని మాత్ర వేసుకోవాలి" అని చెప్పి ఫోను ఆపేసింది. అంతే. తరువాత నా పక్కన కూర్చుంటే చూశాను, ఆవిడ చేతులూ వణుకుతున్నాయి.

మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. వాడికి చెప్పవద్దని బతిమాలాను. ఫోను వాడకం వాడే నేర్పాడు, వందసార్లు హెచ్చరించాడు. ఆవిడ వినలేదు. వాడు తిడతాడనుకున్నాను, "నాన్నా, అమ్మ పక్కనే ఉందిగా? ముందు 1930కి ఫోను చేయండి, ఇప్పుడే చేయండి" అన్నాడు. చేశాము. వెంటనే చేసినందువల్ల రూ.19,000 దారిలో ఆగింది, కొన్ని నెలలకు కోర్టు ఉత్తర్వు మీద తిరిగి వచ్చింది. మిగతాది పోయింది.

ఇంతటితో కథ అయిపోతే బాగుండేది. కాలేదు.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని ఇంట్లో ఒట్టు వేయించుకున్నాను. మా ఇంటావిడ, అబ్బాయి, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబులు, బ్యాంకు మేనేజరు, ఈ నలుగురికే తెలుసు. దసరా తరువాత మన నెలవారీ సమావేశంలో ఒక మిత్రుడు, "ఏవో దొంగ ఫోన్లు వస్తున్నాయట, మనవాళ్ళెవరికైనా వచ్చాయా?" అని అడిగాడు. నేను రెండో వరసలో కూర్చుని డి.ఎ. బకాయిల కాగితం చదువుతున్నట్టు తల వంచుకున్నాను. అలాంటివి చదువు రానివాళ్ళకే జరుగుతాయి అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సమావేశంలో నా పక్క కుర్చీలో కూర్చున్నాయనకు 2025 జనవరిలో అదే ఫోను వచ్చింది. అదే యూనిఫారం, అదే ఎర్ర సీలు. భార్య పోయి మూడేళ్ళు, ఒంటరిగా ఉంటారు. గడియ తీస్తే బయట నిలబడి ఉండే మనిషి లేరు. రెండు రోజులు అలా కూర్చోబెట్టి, ఆయన దాచుకున్నదంతా తీసుకున్నారు. ఆయనా ఎవరికీ చెప్పలేదు. సమావేశాలకు రావడం మానేశారు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాం. బి.పి. మాత్రలు కొనడం మానేశారని మందుల షాపు కుర్రాడు చెబితే, ఏప్రిలులో వెళ్ళి అడిగితే అప్పుడు బయటపడింది. నా సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం వైపు చూసి, "ఆ రోజు చెప్పి ఉండవలసింది మీరు" అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నారు. పేరు లేకుండా చెప్పుకోమని ఆయన అనుమతి ఇచ్చారు కనుక ఇక్కడ చెబుతున్నాను.

దొంగకు నేను భయపడింది నాలుగు గంటలు. నలుగురూ నవ్వుతారని భయపడింది ఎనిమిది నెలలు. మొదటి భయానికి నా సొమ్ము రూ.29,000 పోయింది. రెండో దానికి ఇంకొకరి సొమ్ము పోయింది. కార్యదర్శిగారు అడిగిన ధైర్యం గురించి నాకు తెలిసింది ఇంతే, అందుకే ఒప్పుకున్నాను.

తెలుసుకోదగిన నాలుగు ముక్కలు చెప్పేస్తాను, పిల్లలు రాసుకోండి, పెద్దలు ఎలాగూ మరిచిపోతారు. వీడియోలో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. నిజంగా అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. హర్యానాలో అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు తాము మోసపోయిన తీరు రాసి సుప్రీంకోర్టుకు ఉత్తరం పంపితే, ఆ ఉత్తరాన్నే ఆధారం చేసుకుని 2025 అక్టోబరులో కోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. డిసెంబరు 1న దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. వారికి చూపించినవి కూడా సుప్రీంకోర్టు పేరుతో తయారు చేసిన దొంగ కాగితాలే. ఆ దంపతులు సిగ్గుపడి ఊరుకుంటే ఆ కేసే లేదు. నకారాగారి తరువాత నేను దణ్ణం పెట్టుకునేది వాళ్ళకే.

ఇక నా మట్టుకు నేను చేస్తున్నది చెబుతాను, పెద్ద సాహసాలేమీ కావు. ఏ ఫోను వచ్చినా "మీ నెంబరు, ఆఫీసు పేరు చెప్పండి, నేనే తిరిగి చేస్తాను" అంటున్నాను. మొదట్లో ఆ ఒక్క వాక్యం అనడానికి గొంతు పెగిలేది కాదు. అందుకని అద్దం ముందు నిలబడి, మా ఇంటావిడ కూరలు తరుగుతూ వింటుండగా పదిసార్లు అనుకున్నాను. వంద రూపాయలు దాటిన ఏ చెల్లింపైనా ఆవిడకు చెప్పకుండా చేయను. ఆవిడా నాకు చెబుతానంది గాని చీరల విషయంలో పాటిస్తున్నట్టు లేదు. ఆస్పత్రిలో డాక్టరుగారు టెస్టులు రాస్తే, ఇది ఎందుకండీ, ఎంతవుతుందండీ అని అడుగుతున్నాను. ఇన్నేళ్ళూ అడగలేదు. అడిగితే ఆయన కుర్చీలోంచి కిందపడలేదు, చక్కగా చెప్పాడు. బ్యాంకులో నాకన్నా వెనక వచ్చినవాడు ముందు దూరితే, "బాబూ, వరస ఉంది" అన్నాను. మా నాన్నగారు వింటే ఆశ్చర్యపోయేవారు. వీటన్నిటికీ ముందు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అది తగ్గే వరకు ఆగుదామనుకుంటే నాకు వయసు చాలదు గనుక, దడతోనే అడిగేస్తున్నాను.

పొరపాట్లు కూడా జరుగుతున్నాయి. మొన్న నవంబరులో ట్రెజరీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, "సార్, మీ రికార్డులో ఇంటి పేరు తేడాగా ఉంది, ఒకసారి రావాలి" అంది. "నీలాంటివాళ్ళను చాలామందిని చూశాను, రిఫరెన్సు నెంబరు చెప్పు!" అని గట్టిగా అరిచాను. ఆ అమ్మాయి తడబడకుండా సీరియల్ నెంబరు, ఫైలు నెంబరు, తేదీ గడగడా చెప్పేసింది. నిజమైన గుమాస్తా! మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, "నేనేనమ్మా నిన్న అరిచింది" అని క్షమాపణ చెప్పుకున్నాను. "పర్లేదు సార్, అందరూ మీలాగే అడిగితే మంచిదే" అంది. ఇంటి పేరు సరిచేసింది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదివాను. వెనక వరసలోవాళ్ళు విసుక్కున్నారు, విసుక్కోనిచ్చాను.

అధ్యక్షులవారు గంట వైపు చూస్తున్నారు, ముగిస్తాను. ఆ దొంగ కాగితం నకలు, నేను సగం రాసి ఆపిన హామీపత్రం రెండూ తెచ్చాను. భోజనాల దగ్గర, కుడివైపు చివరి బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాను. చూడదలచినవారు చూడవచ్చు. మీలో ఎవరికైనా ఇలాంటి ఫోను వచ్చి ఉంటే, సొమ్ము పోయినా పోకపోయినా, వచ్చి నా పక్కన కూర్చోండి. నేను పేరు రాసుకోను. 1930కి ఫోను చేయాలంటే నా ఫోనులోంచే చేద్దాం. పక్క కుర్చీ ఖాళీగానే ఉంచుతాను. మా ఇంటావిడను కూడా అక్కడ కూర్చోవద్దన్నాను.